అమ్మవారు టీకాకు దారిచ్చింది, మీ ధర్మం మాకు దారివ్వలేదు

గేరి మాటలు – 19

ఈ వారం సుగ్గి గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చినాను. అది పక్కకు పెట్టాల్సి వచ్చింది. పూర్తిగా పక్కకు పోలేదు, చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మంగళవారం రాత్రి ఒక తమ్ముడు పెద్ద మెసేజ్ పెట్టినాడు. డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాడు. కోసిగి దిక్కు పల్లె. పేరు రాయను, ఊరు రాయను, వాళ్ల ఇంటిని గుర్తుపట్టే ఆనవాలు ఏదీ ఇక్కడ ఉండదు. మెసేజ్‌లో పైన ఉన్నది ఇది: "అన్నా, మా సార్ ఒకాయన చెప్పినాడు, మన శాస్త్రాల్లో ఉండేదే సైన్సు, రెండిటికీ తగాదానే లేదు అని. నువ్వేమో ఎప్పుడూ తగాదా పెడతావు. మా అమ్మ మనసు నొప్పించకుండా నేను సైన్సు చదువుకోలేనా? రెండిటికీ రాజీ కుదరదా?"

నేను జవాబు రాద్దామని మొదలుపెట్టి, ఊరికే మెసేజ్ కిందికి జరిపినాను. అడుగున ఇంకో రెండు లైన్లు ఉన్నాయి. "ఇంకొకటి అన్నా. మా చెల్లెలికి జడ కట్టింది. ఎనిమిదో తరగతి. మాఘ పున్నమికి అమ్మవారి కొండకు తోలకపోతామంటాండారు."

పైన ఉన్నది ప్రశ్న. కింద ఉన్నది ప్రాణం. మన పిల్లలు ఎప్పుడూ ఇట్లే రాస్తారు, అసలు మాట చివర్లో, చిన్నగా, సిగ్గుపడుతూ. ఈ భాగం మొత్తం ఆ రెండు లైన్లకు జవాబు. రాజీ సంగతి దాంట్లోనే తేలుతుంది.

మన దిక్కు కానివాళ్లకు ఒక మాట చెప్పాలి. జడ కట్టడమంటే జడ వేసుకోవడం కాదు. వెంట్రుకలు ఒకదానికొకటి చుట్టుకుని, ముద్దగా, తాడులాగా గట్టిపడటం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు నుంచి బళ్లారి దాకా, తుంగభద్ర అవతల రాయచూరు దాకా దీన్ని ఎల్లమ్మ వచ్చినట్టు లెక్కపెడతారు. ఆడపిల్ల తలలో అమ్మవారు దిగింది కాబట్టి ఆ పిల్ల అమ్మవారిది. అమ్మవారి పిల్లకు మొగుడు ఉండడు. మొగుడు లేని పిల్ల ఊరందరిదీ అవుతుంది. బసివి అంటారు. బసవన్న పేరు చెప్పి ఆంబోతును ఊరికి వదిలినట్టు పిల్లను వదులుతారు. మా దగ్గర వాడే మాట కూడా అదే: "బసివి ఇడిసినారు." ఒక్క తేడా ఏమిటంటే ఆంబోతు ఏ చేలో పడి మేసినా ఎవరూ కొట్టరు. ఇక్కడ మేసేది ఊరు.

ఇప్పుడు ఫిజిక్స్ చదివే తమ్ముడికి ఫిజిక్స్ భాషలోనే చెబుతా. వెంట్రుక నున్నగా కనపడుతుంది గానీ మైక్రోస్కోపు కింద పెడితే పైన చేప పొలుసుల్లాగా పొరలు ఉంటాయి. వెంట్రుకకు వెంట్రుక రాసుకుంటే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. దువ్వెన పడితే విడిపోతాయి. పడకపోతే ముడి. ఆ ముడికి జిడ్డు, దుమ్ము, చెమట తోడైతే గడ్డ. దానికి తోడు మన బోరు నీళ్లు. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. కఠిన జలం అని బడిలో చదివింది ఇదే, పరీక్షలో రెండు మార్కులకు రాసి మర్చిపోయింది. ఆ తెట్టు కడిగినా పోదు, వెంట్రుకలకు జిగురులాగా పట్టుకుంటుంది.

ఆ పిల్లకు ఎట్లా కట్టిందో అడిగినాను. తమ్ముడు చెప్పినాడు. సంక్రాంతికి ముందు ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కు మిరప కోతలకు సుగ్గికి పోయినారు. బడి మాన్పించి చెల్లెలినీ తీసుకుపోయినారు, వండిపెట్టడానికి, చిన్నోడిని చూసుకోవడానికి. చేను పక్కన పట్ట కప్పిన గుడిసె. తాగడానికే నీళ్లు ట్యాంకరు వస్తే దిక్కు. మిరప ఘాటుకు తలకు గుడ్డ కట్టుకుంటే రాత్రిదాకా విప్పరు. తలస్నానం పదిహేను రోజులకో, ఇరవై రోజులకో. తిరిగొచ్చేసరికి మెడ వెనక పిడికెడు ముద్ద. వాళ్లమ్మ చూసి దువ్వెన పెట్టబోతే పక్కింటి అవ్వ చెయ్యి పట్టుకుంది: "ముట్టొద్దు, అమ్మ వచ్చింది." ఆ రోజు నుంచి నూనె లేదు, నీళ్లు లేవు, దువ్వెన లేదు. పసుపు మాత్రం పెడుతున్నారు. ముట్టకపోతే ముద్ద పెరుగుతుంది. పెరిగేకొద్దీ అమ్మవారు బలంగా ఉన్నట్టు నమ్మకం పెరుగుతుంది. భయమే దాన్ని పెంచుతోంది, పెరిగిందే సాక్ష్యమని చూపిస్తోంది.

అంటే ఆ పిల్ల తలలోకి దిగింది సుగ్గి తమ్ముడూ. కూలి లేని ఊరు దిగింది. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ అని కాగితం మీద ఒకటి ఉంటుంది, అది ఆ ఊరికి రాకపోవడం దిగింది.

ఇది మన ఎల్లమ్మ ఒక్కదాని మహిమ అనుకునేవాళ్లకు ఇంకో ముచ్చట. యూరప్‌లో పోలండ్ అనే దేశం ఉంది. తెల్లవాళ్లు, క్రైస్తవులు, ఎల్లమ్మ పేరు విని ఎరుగరు. వాళ్లకూ కొన్ని వందల ఏళ్లు ఇదే జడ. డాక్టర్లు దీనికి పెట్టిన పేరే ప్లైకా పొలోనికా, పోలండ్ జడ అని. ఒంట్లోని రోగం జడలోకి దిగుతుందనీ, కత్తిరిస్తే కళ్లు పోతాయనీ, పిచ్చి పడుతుందనీ వాళ్లూ వణికినారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రాకో నగరంలో డీట్ల్ అనే డాక్టరు లాంటివాళ్లు పట్టుబట్టి కత్తిరించమన్నారు. కత్తిరించినారు. కళ్లు పోలేదు. మన పక్కన మహారాష్ట్రలో అంధశ్రద్ధ నిర్మూలన సమితి ఆడ కార్యకర్తలు ఊరూరా తిరిగి వందల మంది ఆడవాళ్ల జడలు కత్తిరించినారు. ఆ ఆడవాళ్లు ఏళ్ల తర్వాత మెడ తిప్పగలిగినారు, వెల్లకిలా పడుకోగలిగినారు. వెంట్రుకలో నరం లేదు, రక్తం లేదు. మంగలి షాపులో రోజూ తేలే విషయమే ఇది.

ఇంకో ప్రశ్న. ఇదే జడ ఒక మగవాడికి కడితే? కాషాయం కట్టినవాడికి కడితే? దాని పేరు జటాజూటం. కాళ్లకు మొక్కుతారు, టీవీలో చూపిస్తారు, మంత్రులు పక్కన కూర్చుంటారు. వెంట్రుక ఒకటే, మురికి ఒకటే, ముడి ఒకటే. ఆయన తల మీద ఉంటే తపస్సు. మాదిగ గేరిలో ఎనిమిదో తరగతి పిల్ల తల మీద ఉంటే ఆమె ఒళ్లు ఊరికి రాసిచ్చిన పత్రం. సైన్సుకూ మతానికీ రాజీ అడిగే పెద్దమనుషులు ముందు ఈ రెండు తలలకూ రాజీ కుదర్చాలి.

మా ఇంటి సంగతి చెప్పకుండా ఇది రాస్తే దొంగతనం అవుతుంది.

మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. పదకొండేళ్లప్పుడు బసివి ఇడిసినారు. 1970 ప్రాంతం. ఏ గుడి అని అడగొద్దు, రాయను. కారణాలు రెండు చెబుతారు. ఒకటి జడ. రెండోది, మా తాతకు మగపిల్లలు లేరు. బసివి ఇడిస్తే కూతురు కొడుకు లెక్క అవుతుంది. ఇంట్లోనే ఉంటుంది, తండ్రి చనిపోతే కొరివి పెడుతుంది, ఆస్తికి వారసురాలవుతుంది. పుస్తకాలు రాసే పెద్దలు కొందరు దీన్ని ఆడదానికి ఇచ్చిన గొప్ప హక్కుగా రాసినారు. ఆస్తి ఉన్న ఇంట్లో ఏమో నాకు తెలియదు. మా తాతకు సెంటు భూమి లేదు. పెద్దమ్మకు వారసత్వంగా వచ్చింది ఇద్దరు ముసలివాళ్లను సాకే బరువు, తండ్రి పేరు చెప్పలేని ఇద్దరు పిల్లలు. బడిలో చేర్పించేటప్పుడు తండ్రి పేరు దగ్గర దేవుడి పేరు రాయించింది. మా అన్న ఆ పేరుతోనే చాలా ఏళ్లు బతికినాడు. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు, "మీ నాయన గుళ్లో ఉన్నాడు, ఫీజు కట్టమని అడుగు పో" అని.

అప్పటికి చట్టం లేదా? ఉంది. మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం 1947లోనే వచ్చింది. ఆదోని తాలూకా అప్పుడు మద్రాసు రాష్ట్రం బళ్లారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలులో కలిసింది. కర్ణాటక 1982లో చట్టం చేసింది, మన ఆంధ్రప్రదేశ్ 1988లో ప్రత్యేకంగా ఇంకోటి చేసింది. పిల్లను వదిలినా, వదలడానికి సాయం చేసినా జైలు. కూతురికి ఆస్తి హక్కు కోసం దేవుడితో పెళ్లి అక్కర్లేదని కూడా ఎన్‌టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఎప్పుడో చెప్పింది, దేశం మొత్తానికి 2005లో వచ్చింది. చట్టం మా గేరి దాకా నడిచి రావడానికి ఎంత సేపు పడుతుందో నన్ను అడగొద్దు. పెద్దమ్మ పోయే దాకా రాలేదు.

ఇప్పుడు మీరు అనుకుంటుంటారు, వీడు నాస్తికుడు, అమ్మవారి రాయిని పీకేయమంటాడు అని. ఒకప్పుడు అదే అన్నాను. కర్నూలు హాస్టల్లో ఉండగా నాలుగు పుస్తకాలు చదివి, ఒంటికి కొత్త చొక్కా వేసినట్టు నాస్తికత్వం వేసుకుని సెలవులకు ఊరికి వచ్చినాను. గేరి చివర వేపచెట్టు కింద మారెమ్మ రాయి. మా అవ్వ పసుపు రాస్తోంది. "రాయికి పసుపు రాస్తే ఏమొస్తుంది అవ్వా, బుద్ధి ఉందా నీకు" అన్నాను. అవ్వ కోపగించుకోలేదు. "ఆ పెద్దగుళ్లోకి నన్ను రానిచ్చిన్నాడు ఈ రాయి ఇడిసిపెడతాలేరా. ఈడ ఎవరూ నన్ను దూరం పో అనరు" అన్నది.

జవాబు లేదు నా దగ్గర. ఇరవై ఏళ్ల వయసులో నేను నా నాస్తికత్వాన్ని మొదట పరీక్షించింది ఎవరి మీద? గుడి తలుపు వేసినవాడి మీద కాదు, తలుపు బయట నిలబడిన ముసలమ్మ మీద. నగరాల్లో మైకు పట్టుకునే హేతువాద మిత్రుల్లో చాలామంది ఇప్పటికీ ఇదే పొరపాటు చేస్తున్నారు. మా అవ్వల మూఢనమ్మకం వాళ్లకు బాగా కనపడుతుంది. సొంత ఇంట్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు అడిగే గోత్రం కనపడదు.

అవ్వ ముఖమంతా మశూచి గుంతలు. ఒక కన్ను సగమే కనపడేది. చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసి బతికింది, ఇద్దరు తమ్ముళ్లు పోయినారు. అలాంటి మనిషి అమ్మవారిని నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? కానీ వినండి. టీకాలు వేసేవాళ్లు ఊరికి వచ్చినప్పుడు మా అమ్మనూ పెద్దమ్మనూ చెరో చేత్తో పట్టుకుని మొట్టమొదట పోయింది ఈ అవ్వే. టీకాలాయన గేరిలోకి రాలేదట. చెట్టు కింద నిలబడి కేకేసినాడట, పిల్లలను ఇవతలకు పంపండి అని. పోయేముందు అవ్వ మారెమ్మ రాయి దగ్గర ఆగి, "పిల్లలకు సూది ఏపిస్తాండాను తల్లీ, నీకు ఎదురు కాదు, కోపం సేసుకోవద్దు" అని చెప్పుకుని పోయిందట. మా అమ్మ జబ్బ మీద ఆ తిప్పుడు సూది మచ్చలు రెండు ఇప్పటికీ ఉన్నాయి, అణాకాసుల్లాగా.

మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఎన్ని వందల ఏళ్లు ఎన్ని ఊళ్లను ఊడ్చుకుపోయిన జబ్బు! జెన్నర్ 1796లో మొదలుపెట్టిన పని, మా గేరి వేపచెట్టు కింద కూడా జరిగింది. మరి అమ్మవారేమైంది? ఏమీ కాలేదు. అక్కడే ఉంది. జబ్బును వదిలేసింది. ఇప్పుడు వానకు, పంటకు, పిల్లల చదువుకు మొక్కుతున్నారు. వేపాకు మశూచిని తగ్గించిందని నేను అనను, తగ్గించలేదు, తగ్గించి ఉంటే అవ్వ తమ్ముళ్లు బతికేవాళ్లు. నేను చెప్పేది ఒకటే. మారెమ్మ టీకాతో పోటీ పడలేదు. మా పురాణంలో సూది ముందే ఉంది, ఆ సూదిని కనిపెట్టింది మేమే అని మా అవ్వ చెప్పుకోలేదు. దారిచ్చింది. రాజీ అంటే నాకు తెలిసింది అది.

ఇస్రోవాళ్లు చేసేది కూడా ఇంచుమించు అదే. చంద్రయాన్-3 ఎగిరేముందు, 2023 జులైలో, రాకెట్ బొమ్మ పట్టుకుని తిరుమల పోయినారు. ఛైర్మన్ సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గరికీ పోయినాడు. మన మిత్రులు ఎంత ఎగతాళి చేసినారో! నాకు పెద్ద కోపం రాలేదు. ప్రభుత్వ హోదాలో పోవడం తప్పే, అది వేరే చర్చ. కానీ 2019 సెప్టెంబరులో విక్రమ్ చంద్రుడి మీద పడి పగిలిపోయినప్పుడు వాళ్లు శాంతి హోమం చేయించి మళ్లీ అదే లెక్కతో ఎగరేయలేదు. నాలుగేళ్లు కూర్చుని లెక్క సరిచేసుకున్నారు, కాళ్లు గట్టిగా చేసినారు, ఇంధనం ఎక్కువ పెట్టినారు. 2023 ఆగస్టు 23న దిగింది. కొబ్బరికాయ కొబ్బరికాయే, లెక్క లెక్కే. మా అవ్వ ఏ చదువూ లేకుండా 1960ల్లోనే ఆ పద్ధతి కనిపెట్టింది. ఆమెకు ఎవరూ పద్మశ్రీ ఇవ్వలేదు.

నా తగాదా వీళ్లతో కాదు. తమ్ముడి సార్ చెప్పిన రాజీతో.

2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు వేదిక ఎక్కి కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలని, మూలకణాల విద్య మనకు వేల ఏళ్ల కిందే ఉందని, రావణుడి దగ్గర ఇరవై నాలుగు రకాల విమానాలు ఉండేవని చెప్పినాడు. రసాయన శాస్త్రం చదివిన మనిషి. వినేవాళ్లలో బడిపిల్లలు ఉన్నారు. దేశం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పాత గ్రంథంలో సైన్సు అంతా ఉందని ఒప్పుకుంటే, అదే గ్రంథంలో నా గురించి రాసింది కూడా సైన్సే అని ఒప్పుకోవాలి. మూలకణాలు నిజమైతే శంబూకుడి తల నరకడం కూడా ఏదో ఒక ఫార్ములా అయి ఉండాలి కదా.

అది ఊహ కాదు, జరిగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మీ అందరి ఫోన్లలో తిరిగింది గుర్తుందా? "మన పూర్వీకులు మడి, ఆచారం, దూరం ఎందుకు పెట్టారో ఇప్పుడు ప్రపంచానికి అర్థమైంది." సామాజిక దూరం అని ప్రభుత్వమే పేరు పెట్టింది, వాళ్లకు ఇంకేం కావాలి! మా తాతలను టీ కొట్టు బయట కొబ్బరి చిప్పతో నిలబెట్టింది వైరస్ భయంతోనట. ఎంత దయ! మరి కళ్లంలో పండించిన ధాన్యానికి ఆ వైరస్ ఎందుకు అంటలేదు? మా ఆడవాళ్ల మీద చెయ్యి వేసేటప్పుడు రాత్రిపూట అది ఎక్కడికి పోయింది? చెప్పు కుట్టినవాడు అంటరానివాడు, ఆ చెప్పు మాత్రం కాలికి అంటుతుంది. ఇదేం సూక్ష్మజీవి శాస్త్రం?

సైన్సుకు మొదటి గుణం, తప్పని తేలితే వదిలేయడం. వీళ్ల సైన్సు ఎప్పుడూ తప్పు కాదు. బడిలో గురుత్వాకర్షణ మారితే పుస్తకం మారుతుంది. వీళ్ల దగ్గర కొత్తది ఏది కనిపెట్టినా పాత పుస్తకంలో నుంచే బయటకు వస్తుంది, పాత పుస్తకంలో ఒక్క అక్షరం మాత్రం పోదు. ఇది రాజీ కాదు, దొంగలెక్క. తెల్లకోటు వేసుకున్న జంధ్యం.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, 1995 సెప్టెంబరు 21న, దేశమంతా వినాయకుడు పాలు తాగినాడు. మాస్టరు తలతన్యత గురించి చెప్పినాడు, చెంచా అంచు నుంచి పాలు రాయి మీదికి ఎట్లా పాకుతాయో రంగు కలిపి చూపించినాడు. మంచి మాస్టరు. కానీ ఆ రోజు నా బుర్రలో తిరిగిన ప్రశ్న తలతన్యత గురించి కాదు. ఇన్ని లక్షల చెంచాలు తాగిన దేవుడు మా గేరి నుంచి పోయిన ఒక్క చెంచా అయినా తాగి ఉంటాడా అని. గుళ్లోకి పోతే కదా తెలిసేది.

చదువుంటే ఇవన్నీ పోతాయి అంటారా? 2021 జనవరి మదనపల్లె గుర్తు చేసుకోండి. తల్లీ తండ్రీ ఇద్దరూ పెద్ద చదువులు చదివి పాఠాలు చెప్పేవాళ్లు. ఒకరిది కెమిస్ట్రీ, ఒకరిది లెక్కలు. ఎదిగిన ఇద్దరు కూతుళ్లు చనిపోయినారు, కలియుగం అయిపోతుంది, మళ్లీ లేచి వస్తారు అన్నారు. వాళ్లను విశాఖ మానసిక ఆసుపత్రికి పంపినారు, పంపాల్సిందే, జబ్బు జబ్బే. నేను అడిగేది పత్రికలను. ఆ ఇల్లు మా గేరిలో ఉండి ఉంటే "మానసిక స్థితి" అని రాసేవాళ్లా, "అజ్ఞానం, క్షుద్రపూజలు" అని రాసేవాళ్లా? ప్రతి దసరాకు హొళగుంద మండలం దేవరగట్టుకు కెమెరాలు వేసుకుని వస్తారు, మాళ మల్లేశ్వరుడి బన్ని రోజు కర్రలతో తలలు పగిలేది చూపించడానికి. తల పగిలిన చోట బండారు పసుపు అద్దుకుంటారని ఆశ్చర్యంగా చెబుతారు. ధనుర్వాతం సూది గురించి ఒక్క ముక్క చెప్పరు. తెల్లారితే వెళ్లిపోతారు. ఆ పల్లెల్లో మిగతా మూడువందల అరవై నాలుగు రోజులు నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో ఏ కెమెరాకూ పట్టదు.

మనవాళ్లనూ వదలను. ఏసు ప్రభువును నమ్ముకున్నాం, మాకు ఎల్లమ్మ లేదు అనే అన్నదమ్ములారా, మీ స్వస్థత సభలో ప్రార్థన చేయించుకుని టీబీ మాత్రలు ఆపేసిన మనిషిని నేను ఆదోని ఆసుపత్రికి మోసుకుపోయినాను. ఆలస్యమైంది. ప్రార్థన చేసుకోండి, మాత్ర వేసుకోండి. మా అవ్వ చేసిన పని మీరెందుకు చేయలేరు?

బాబాసాహెబ్ మతమే వద్దనలేదు. 1936లో కుల నిర్మూలన రాసినప్పుడు ఆయన దెబ్బ శాస్త్రాల పవిత్రత మీద. అది ఉన్నంతవరకు కులం పోదని ఆయన వాదన. నియమాల మూట వేరు, విలువల మతం వేరు అని తేడా చూపించినాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధంలోకి పోయినాడు. ఏ మతమైనా తర్కం ముందు నిలబడాలి, మనిషిని మనిషిగా నిలబెట్టాలి. ఆ రెండో షరతును మన సైన్సు క్లబ్బులు మరిచిపోతాయి, మొదటి షరతును మన జాతర కమిటీలు మరిచిపోతాయి. రాజ్యాంగం 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో చేర్చినారు. ఆ క్లాజులోనే, అదే వాక్యంలో, మానవత్వం అనే మాట కూడా ఉంది. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు క్లాజు నంబరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న కాల్చి చంపిన తర్వాతే మహారాష్ట్రకు మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం వచ్చింది, 2017లో కర్ణాటక చేసింది. మనం ఇక్కడ అడుగుతూనే ఉన్నాం.

సరే, ఆ పిల్ల సంగతి.

నిన్న తమ్ముడితో పాటు వాళ్ల ఊరికి పోయినాను. కత్తెర తీసుకుపోలేదు. పోలీసులకు చెప్పలేదు. చెప్పాల్సి వస్తే 1098కి ఫోన్ చేస్తానని తమ్ముడికి ముందే చెప్పినాను, వాడు తల వంచుకుని సరే అన్నాడు. వాళ్లమ్మకు నాకంటే రెండు మూడేళ్లు తక్కువే ఉంటాయి, సుగ్గిలో మిరప కోసి చేతులు కాలినట్టున్నాయి. "అన్నా, కత్తిరిస్తే పిల్లకు ఏమన్నా అయితే?" అంది. "ఏమీ కాదు" అన్నాను. "నీకు కాదులే, నా బిడ్డకు" అంది. ఆమెకు నేను పోలండ్ గురించి చెప్పలేదు. మా పెద్దమ్మ గురించి చెప్పినాను. అన్న బడిలో తండ్రి పేరు దగ్గర ఏం రాయించుకున్నాడో చెప్పినాను. పిల్ల తలుపు వెనక నిలబడి వింటోంది, మెడ ఒక పక్కకు వంగి ఉంది, బరువుకు. ముద్ద కింద పుండు పడింది, ఈగలు. ఆశా కార్యకర్తను పిలిపించి చూపించినాం.

చాలాసేపటికి ఆమె అడిగింది: "వెంట్రుకలు అమ్మవారికే ఇచ్చేస్తే?"

తలనీలాలు ఇవ్వడం మనకు ఉన్నదే కదా. జడను కత్తిరించి, పసుపు గుడ్డలో కట్టి, వేపచెట్టు కింద పెట్టి దండం పెట్టుకుంటుందట. పిల్ల మాత్రం ఇంట్లోనే ఉంటుంది, బడికి పోతుంది. అమ్మవారు వెంట్రుకలు తీసుకుంటుందా అని నన్ను అడిగింది, నేనేదో పూజారినైనట్టు.

నా హేతువాద మిత్రులు ఇప్పుడు ఫోన్ చేస్తారని తెలుసు. మూఢనమ్మకానికి లొంగిపోయినావు అంటారు. అనండి. "తీసుకుంటుంది అక్కా" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు లేదు. ఆ తల్లి ఇంకో నోటితో చెప్పుకోలేని "వద్దు"ను ఆ నోటితో చెబుతోంది. ఆమెకు తెలిసిన దేవత దగ్గరే తన బిడ్డను విడిపించుకుంటోంది. దాన్ని నేను తర్కంతో ఓడించి ఏం సాధిస్తాను? మళ్లీ పున్నమి వస్తే భయం వస్తుందని కూడా తెలుసు. పక్కింటి అవ్వ ఉంది, కొండకు పోయే జీపుకు బాడుగ అప్పుడే ఇచ్చిన మేనమామ ఉన్నాడు. ఆయన నిన్న ఇంట్లో లేడు, ఆదోని మార్కెట్‌కు పోయినాడన్నారు. ఆయన ఏమంటాడో ఇంకా తేలలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకు పోతున్నాను. ఆశా కార్యకర్త వస్తానంది, జోగినీ నిర్మూలన పనిలో ఉన్న ఒక అక్క వస్తోంది. ఆమె తల మీద కూడా ఒకప్పుడు జడ ఉండేది. నాకంటే ఆమె మాట వింటారు. ఎమ్మిగనూరు నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వస్తే మంచిది, మగవాళ్లు వద్దు. ఫోటోలు ఉండవు, లైవ్ ఉండదు. వచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి. వచ్చేటప్పుడు ఒక కొత్త దువ్వెన, అరలీటరు కొబ్బరినూనె తీసుకురండి.